పెరట్లో తంగేడు.. నీళ్లు ఎక్కువైతేనే చేటు

చిలకలగూడ: పెత్రమావాస్య దగ్గరపడుతుందనగానే సికింద్రాబాద్ బజార్లలోకి తంగేడు కట్టలు దిగుతాయి. ఊరి బయటి గుట్టల మీద తెల్లవారకముందే విరిచి, గోనెపట్టాల్లో మూటగట్టి తెచ్చిన కొమ్మలవి. మధ్యాహ్నమయ్యేసరికి ఆకు ముడుచుకుని, పువ్వు వేలాడిపోతుంది. అయినా బేరమాడి కొనక తప్పదు. తంగేడు లేని బతుకమ్మను పేర్చడానికి తెలంగాణ ఇల్లాలి మనసు ఒప్పుకోదు. ఒకప్పుడు నడిచిపోయి ఒడినిండా కోసుకువచ్చిన పువ్వును ఇప్పుడు సంచి పట్టుకుని బజారులో వెతుక్కోవలసి వస్తోంది.

చిలకలగూడ, మైలార్‌గడ్డ, వారాసిగూడ, సీతాఫల్‌మండి వంటి పాత వాడల్లో ఇళ్లు ఇరుకైనవే. కానీ ఇంటి ముందు నాలుగడుగుల మట్టి, రైల్వే క్వార్టర్ల చుట్టూ కొద్దిపాటి ఖాళీ జాగా, మేడమీద ఎండ పుష్కలంగా పడే చోటు నేటికీ అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. ఆ జాగాలో క్రోటన్లు, పచ్చిక, విదేశీ పూలమొక్కలు పెంచి వేసవిలో నీళ్లు చాలక అవస్థపడే గృహస్థులు తంగేడు వంక చూడకపోవడం వింతే. ఎండకు, కరువుకు, రాతినేలకు పుట్టుకతోనే అలవాటుపడిన ఈ పొద ఇంటితోటలో సులువుగా ఇమిడిపోతుంది. పెంచే పద్ధతిలో రెండు మూడు మెలకువలున్నాయి. అవి తెలియకపోవడం వల్లే చాలాచోట్ల మొక్క దక్కడం లేదు.

ఎడారి అంచున పుట్టిన పొద

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత గ్రంథాల్లో కాసియా ఆరిక్యులేటా అని కనిపిస్తుంది. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరది. లాటిన్‌లో ఆరిక్యులా అంటే చిన్న చెవి. తంగేడు ఈనె కొమ్మను అంటుకునే చోట చెవి తమ్మెల వంటి రెండు రెక్కలు ఉంటాయి. వాటిని చూసే ఆ పేరు పెట్టారు. తరువాతి కాలంలో దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చిన వృక్ష శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా తోటకు 1793లో వెళ్లక ముందు ఆయన గోదావరి సీమలోని సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించాడు. తంగేడును తెలుగునేల మీద చూడకుండా ఆయన ఉండి ఉండడు.

తమిళులు దీనిని ఆవారం అంటారు. మరాఠీలో తరవడ, హిందీలో తర్వార్, సింహళంలో రణవర. రాజస్థాన్‌లో ఆన్వల్. ఆ చివరి పేరు వెనుక ఒక కథ ఉంది. 15వ శతాబ్దంలో మేవాడ్ రాణా కుంభా, మార్వాడ్ రావ్ జోధా సరిహద్దుల తగవు తెంచుకున్నప్పుడు, ఆన్వల్ పొదలు పెరిగే నేల మేవాడ్‌కు, తుమ్మ చెట్లు పెరిగే నేల మార్వాడ్‌కు అని ఒప్పందం చేసుకున్నారని చెబుతారు. మార్వాడ్ థార్ ఎడారికి ఆనుకున్న నేల. అంటే తంగేడు ఇసుక దిబ్బల మొక్క కాదు. ఎడారి మొదలయ్యే చోటి దాకా వచ్చి ఆగే మొక్క. ఏడాదిలో నాలుగు నెలలు వాన, ఎనిమిది నెలలు ఎండ ఉండే నేల దీనికి సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలది అచ్చంగా అదే వాతావరణం. ఇక్కడ ఏటా సగటున 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సింహభాగం జూన్-అక్టోబరు మధ్యనే కురుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో రాష్ట్ర చిహ్నాలను ప్రకటించినప్పుడు జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. రెండూ కరువును ఓర్చుకునేవే. జమ్మి రాజస్థాన్‌కు కూడా రాష్ట్ర వృక్షం. జమ్మి ఎదిగితే పెద్ద చెట్టవుతుంది కాబట్టి అరవై గజాల ఇంటికి అది కుదరదు. తంగేడు మనిషెత్తు పొద. కత్తిరించుకుంటే నడుమెత్తులోనే నిలుస్తుంది.

కరువును ఎలా ఓర్చుకుంటుంది?

తంగేడు బలమంతా తల్లివేరులో ఉంది. మొలకెత్తిన తొలి వారాల్లో పైన నాలుగు ఆకులే కనిపిస్తున్నా, కింద వేరు నిటారుగా లోతుకు దిగుతూ ఉంటుంది. రాతి పగుళ్లలో, మొరం కింద నిలిచిన తేమను అందుకోవడానికే ఆ తొందర. ఆకులు చూస్తే ఒక్కో ఈనెకు ఇరువైపులా 8 నుంచి 12 జతల చిట్టి ఆకులు. పెద్ద ఆకుల మాదిరి వేడిని పట్టి ఉంచవు, గాలి సోకితే త్వరగా చల్లబడతాయి. రాత్రివేళ ముడుచుకుంటాయి. నీరు మరీ కరవైతే మొక్క కొన్ని ఆకులను రాల్చి, వాన పడగానే తిరిగి చిగురిస్తుంది. ఇంకో సుగుణం, పశువులు దీనిని అంతగా ముట్టవు. మేకలు మేసిన గుట్టల మీద కూడా తంగేడు మాత్రం పచ్చగా నిలిచి కనిపించేది అందుకే.

చిక్కుడు, కంది, పెసర మాదిరి తంగేడు కూడా కాయజాతి మొక్కే కాబట్టి వేళ్ల బుడిపెల్లో నత్రజనిని నిల్వ చేస్తుందని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. ఈ ప్రజాతి మొక్కల వేళ్లకు బుడిపెలు ఉండవు. అయితే రైతులు తంగేడు మండను వరిమళ్లలో తొక్కించి పచ్చిరొట్ట ఎరువుగా వాడిన మాట వాస్తవం. చౌడు నేలలను బాగుచేయడానికీ దీని రొట్టను వేసేవారు. ఆ బలం ఆకుది, వేరుది కాదు.

నీళ్ల లెక్క

జంటనగరాల దాహం తీర్చడానికి 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, 1927లో హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. ఊరు పెరిగి అవి చాలక మంజీర నీరు తెచ్చారు. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీరు, 2015 చివర ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వచ్చాయి. అంటే కుళాయిలో పడే నీటిలో అధికభాగం వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి, మోటార్లతో ఎత్తిపోయగా వస్తున్నదే. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరమంతటా ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూసిన సంగతి ఇంకా మరపున పడలేదు.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న పచ్చికను లెక్కకు తీసుకుంటే విషయం తేటపడుతుంది. అది సుమారు 9.3 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తేమ ఆవిరవుతుందని తక్కువ లెక్క వేసుకున్నా, పచ్చిక ఎండిపోకుండా రోజుకు 46 లీటర్లకు పైగా పోయాలి. మార్చి నుంచి మే చివర దాకా 90 రోజులకు నాలుగు వేల లీటర్లు దాటుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి దాదాపుగా ఆ పచ్చికకే పోయినట్లు. అదే జాగాలో నాలుగు తంగేడు పొదలు పడతాయి. మొదటి వేసవిలో వారానికొకసారి మొక్కకు పది లీటర్ల చొప్పున పోసినా, మూడు నెలలకు నాలుగింటికీ కలిపి అయ్యేది సుమారు 520 లీటర్లు. రెండో వేసవిలో 15 రోజులకోసారి చాలు. మూడో వేసవి నుంచి నేలలో నాటిన పొదకు చేత్తో నీరు పోయవలసిన పనే ఉండదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అప్పుడప్పుడు అటు ఒంపితే అదే విందు.

ఇక మేడ మీద పడే వాన సంగతి. వంద గజాల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే అది దాదాపు 67 వేల లీటర్లు. అందులో కొంతైనా పెరటి గుంతలోకి మళ్లిస్తే తంగేడుకే కాదు, పక్కింటి బోరుకు కూడా మేలు.

గింజ గట్టిది, ఓపిక కావాలి

నర్సరీల్లో తంగేడు మొక్కలు అరుదు. అడిగితే చాలాచోట్ల మరేదో పసుపుపూల మొక్కను చేతిలో పెడతారు. అడవిలోనో గుట్ట మీదనో పెరిగిన మొక్కను తవ్వి తెచ్చి నాటాలని చూడటం మరో పొరపాటు. లోతుకు దిగిన తల్లివేరు తెగితే మొక్క బతకడం కష్టం. కాబట్టి గింజతో మొదలుపెట్టడమే మేలు. బతుకమ్మ ముగిశాక పొదల మీద మిగిలిన పూలు కాయలవుతాయి. బెత్తెడు పొడవున, కాగితంలా పలుచగా ఉండే ఆ కాయలు సంక్రాంతి నాటికి గోధుమరంగుకు తిరిగి గలగలమంటాయి. కాయకు డజను నుంచి ఇరవై గింజలుంటాయి. నాలుగు కాయలు చాలు, వాడకంతటికీ సరిపోతాయి.

ఆ గింజను నేరుగా మట్టిలో వేసి నెల రోజులు ఎదురుచూసి, మొలవలేదని నిరాశపడేవారే ఎక్కువ. లోపం గింజలో లేదు. తంగేడు గింజపై పెంకు నీటిని లోపలికి రానివ్వదు. అకాలంలో పడిన ఒక్క జల్లుకు మోసపోయి మొలకెత్తి, మరునాటి ఎండకు మాడిపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటది. ఇంట్లో ఆ పెంకును మనమే మెత్తబరచాలి. నీటిని మరగకాచి, పొయ్యి మీద నుంచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయాలి. తెల్లవారేసరికి ఉబ్బిన గింజలను విత్తుకోవచ్చు. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టాలి. పొయ్యి మీద ఉడకబెడితే మాత్రం గింజ చచ్చిపోతుంది.

మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక విత్తడం శ్రేష్ఠం. ఉండబోయే చోటనే గుంతకు మూడు గింజల చొప్పున, వేలి గోరు లోతున వేస్తే సరి. వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయాలి. కవర్లలో పెంచదలచుకుంటే పొడవైన కవరు ఎంచుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు, వేరు కవరు అడుగున చుట్టలు చుట్టుకోకముందే నేలలోకి మార్చాలి. మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరకూడదు.

పాత ఇళ్ల పెరళ్లలో మట్టి తవ్వితే సున్నపు పెళ్లలు, ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు బయటపడతాయి. గులాబీకి అది శాపం. తంగేడు దానిని పట్టించుకోదు. ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పున గుంత తీసి, పెద్ద రాళ్లు ఏరి, అదే మట్టిలో గంపెడు మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. నల్లరేగడి అయితే మాత్రం కొంత మొరం, ఇసుక కలిపి గుంతకు బదులు చిన్న దిబ్బ పోసి దాని మీద నాటుకోవాలి. యూరియా వంటి ఎరువులు వేస్తే ఆకు గుబురుగా వస్తుందే గానీ పువ్వు తగ్గుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. రెండు అపార్టుమెంట్ల మధ్య సందులో నాటి పూయలేదని అనుకుంటే లాభం లేదు.

ప్రేమతో చంపేస్తున్నారు

ఇంటితోటల్లో తంగేడు చావుకు అసలు కారణం కరువు కాదు, నీళ్లు. పక్కనున్న మల్లెకు, మందారానికి పోసినట్లే ఉదయం సాయంత్రం దీనికీ పోస్తారు. వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. ఆకులు పసుపుబారతాయి. నీరు చాలలేదేమోనని ఇంకో బకెట్ పోస్తారు. వారం తిరిగేసరికి మొక్క ఉండదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీరు పోయాలి. పోసినప్పుడు మాత్రం లోతుకు దిగేలా నిదానంగా పోయాలి. రోజూ చెంబెడు చల్లితే వేరు పైపైనే ఉండిపోయి, ఒక్క వారం ఊరికి వెళ్లి వస్తే మొక్క తట్టుకోలేదు.

మేడ మీద తొట్టెలో పెంచేవారికి మరో మాట. లోతుకు దిగే దారి మూసేస్తే తంగేడు ఓర్పు సగానికి సగం పోతుంది. అడుగున పెద్ద రంధ్రాలున్న, ఒకటిన్నర అడుగుకు తగ్గని లోతైన తొట్టె కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు ఎరువు కలపాలి. మండు వేసవిలో రెండు మూడు రోజులకోసారి నీరు తప్పదు. నేలలో పెరిగిన పొద అందం, ఆయుష్షు తొట్టెలో ఆశించరాదు. అయినా జాగా లేనివారికి ఇదొక్కటే మార్గం.

కత్తిరింపులో అదను ముఖ్యం. తంగేడు కొమ్మల కొసలకు పూస్తుంది. కొత్త కొమ్మలు ఎన్ని వస్తే గుత్తులు అన్ని. మొక్క ఒకటిన్నర అడుగు ఎత్తుకు చేరగానే తల తుంచితే పక్క కొమ్మలు పుట్టుకొస్తాయి. మూడో ఏటి నుంచి మే నెలాఖరులో పొదను మోకాలెత్తుకు కత్తిరించుకోవచ్చు. తొలకరికి వచ్చిన చిగుళ్లు భాద్రపదం నాటికి మొగ్గ తొడుగుతాయి. ఆగస్టులో కత్తెర పట్టుకుంటే ఆ ఏటి బతుకమ్మకు పువ్వులు లేనట్లే.

తుమ్మెదల రొద

తంగేడు పువ్వులో తేనె ఉండదు. కేసరాల కొసల్లోని సన్నని రంధ్రాల వెనుక పుప్పొడి మాత్రమే ఉంటుంది. నల్లని తుమ్మెద వచ్చి పువ్వును కౌగిలించుకుని జుమ్మని ఒళ్లు అదిలిస్తే ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. ఉదయం పూట పొద పక్కన నిలబడితే ఆ రొద స్పష్టంగా వినిపిస్తుంది. తేనె లేకపోయినా ఆకు ఈనెల మీద తీపి గ్రంథులుంటాయి, వాటి కోసం చీమలు చేరతాయి. చీమలను చూసి మందు కొట్టనక్కరలేదు, అవి ఆకు తినే పురుగులను దూరంగా ఉంచుతాయి. అయినా కొన్ని పచ్చని గొంగళిపురుగులు ఆకులను కొరుకుతాయి. అవి తెలుపు, లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. నాలుగు రెమ్మలు పోయినా పొదకు నష్టం లేదు.

పోల్చుకోవడంలో పొరపాటు పడరాదు

తంగేడు బంధువులు చాలా ఉన్నాయి. రోడ్ల పక్కన పెంచే సీమ తంగేడు పెద్ద చెట్టు. నేల తంగేడు అంటే విరేచనాలకు వాడే సునాముఖి. కసివింద కలుపుమొక్కగా ఖాళీ జాగాల్లో మొలుస్తుంది. దాని గింజలు పిల్లలు తింటే ప్రాణాపాయం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పసిపిల్లలను బలిగొన్న మెదడు, కాలేయ వ్యాధికి కసివింద గింజల విషమే కారణమని వైద్యులు నిర్ధరించారు. గింజలు సేకరించేటప్పుడు ఆకు మొదట్లో చెవి రెక్కలు, కాగితం వంటి బల్లపరుపు కాయ ఉన్నాయో లేవో చూసుకుంటే తికమక ఉండదు.

తమిళనాట ఆవారం పూలను ఎండబెట్టి కషాయం కాస్తారు. సంక్రాంతి ముందు వేపరెమ్మలు, పిండిపూలతో కలిపి ఇంటి చూరుకు కడతారు. శ్రీలంకలో రణవర పానీయంగా తాగుతారు. సిద్ధ వైద్యంలో మధుమేహానికి వాడుక ఉంది. అంతమాత్రాన డాక్టరు ఇచ్చిన చక్కెర మందులు మాని కషాయం మీద ఆధారపడటం ప్రమాదకరం.

తెలంగాణ పల్లెల్లో తోళ్లు నానవేసే లందల్లో తంగేడు చెక్క లేనిదే పని జరిగేది కాదు. బెరడులోని వగరు తోలుతో కలిసి దానిని కుళ్లకుండా చేస్తుంది. ఆంగ్లేయులు దీనిని చర్మకారుల కాసియా అని పిలిచింది ఇందుకే. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు వెళ్లిన తోళ్లు ఈ చెక్కతో శుద్ధిచేసినవే. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క, క్రోమియం లవణాలు వచ్చి ఆ గిరాకీని చంపేశాయి. ఒక విధంగా తంగేడుకు అది ఊపిరి. తీరా ఊపిరి పీల్చుకున్న కాలానికి గుట్టలు ప్లాట్లయ్యాయి. పండుగకు కొమ్మలు విరవడం వల్ల తంగేడు అంతరించిపోతోందని నిందించడం అన్యాయం. విరిచిన కొమ్మ పక్కన రెండు చిగురిస్తాయి. పొక్లెయినర్ వేరుతో సహా పెకలించిన చోట మాత్రం తిరిగి మొలవడానికి గింజ కూడా మిగలదు.

పెరట్లో పెంచుకున్నవారు పువ్వును గుత్తిగా కత్తెరతో కోసి, కింది మొగ్గలను వదిలేస్తే తొమ్మిది రోజులూ కొత్త పూలు దొరుకుతాయి. ఒక కొమ్మను మాత్రం ముట్టకుండా కాయలకు విడిచిపెట్టాలి. పొరుగువారు గింజలు అడిగే రోజు వస్తుంది. ఒక మృగశిరకు విత్తిన తంగేడు మరుసటి ఏటి బతుకమ్మకు నాలుగైదు గుత్తులు ఇస్తుంది. మూడో ఏడు సద్దుల బతుకమ్మ నాటికి ఒక్కో పొద నుంచి తాంబాళం నిండుగా పూలు కోసుకోవచ్చు.